దగ్గరివి కనిపించే వేగం

మా నాన్న కారు నడిపినంత కాలం స్పీడోమీటర్ ముల్లు 40 దగ్గరే తచ్చాడుతూ ఉండేది. పెద్ద రోడ్డు ఎక్కితే మరో పదో ఇరవయ్యో పెరిగేది కానీ, పొలాల మధ్య చిన్న రోడ్డులోకి తిప్పగానే మళ్ళీ 30కి దిగేది. ముందు సీట్లో అమ్మ, వెనక నేనూ చెల్లీ. చేత్తో తిప్పి అద్దాలు దించుకునే కారు అది. ఏసీ లేదు కాబట్టి అద్దాలు ఎప్పుడూ దించే ఉండేవి. బయట ఉన్నదంతా లోపలికి వచ్చేసేది. గాలి, దుమ్ము, కోసిన గడ్డి వాసన, పొలంలో ఎవరో ఎవరినో పిలిచే కేక.

ఆ ప్రయాణాల్లో చాలావాటికి చేరాల్సిన చోటంటూ ఉండేది కాదు. సెలవురోజు ఎండ తగ్గే వేళకి నాన్న తాళాలు తీసుకుని "అలా వెళ్ళొద్దామా?" అనేవారు. మేం చెప్పులు వేసుకునే లోపే ఆయన కారు అద్దం తుడవడం మొదలుపెట్టేవారు. ఎక్కడో ఒకచోట, ఏ చిన్న వంతెన దగ్గరో ఆపి, కాసేపు నిలబడి, చీకటి పడ్డాక తిరిగొచ్చేవాళ్ళం. అంతే. ఆ రోజుల గురించి ఎవరైనా అడిగితే చెప్పడానికి పెద్ద సంఘటనలేమీ లేవు. కానీ చిన్నతనం అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఇల్లు కాదు, బడి కాదు, ఆ కిటికీయే.

నిజంగా ఏదైనా ఊరికి వెళ్తున్న రోజున చెల్లి ఊరుకునేది కాదు. "ఎప్పటికి చేరతాం నాన్నా?" అని గొడవ చేసేది. ఆయన లెక్క చెప్పేవారు. "ఇది 20 కిలోమీటర్ల దారి. అరవైలో వెళ్తే ఇరవై నిమిషాలు. నలభైలో వెళ్తే అరగంట. ఆ పది నిమిషాలు మిగుల్చుకుని ఏం చేస్తావో చెప్పు, అలాగే వెళ్దాం." చెల్లి ఆలోచించేది. దానికి ఏమీ తోచేది కాదు, నాకూ తోచేది కాదు. చిన్న రోడ్ల మీద ఆ తేడా కూడా పూర్తిగా దక్కదని నేను డ్రైవింగు నేర్చుకున్నాక తెలిసింది. మలుపు రాగానే తగ్గించాలి, ట్రాక్టరు వెనక ఆగాలి, పశువులు దాటేదాకా నిలబడాలి. అరవైలో వెళ్ళేవాడు మాటిమాటికీ బ్రేకు వేస్తూ, మళ్ళీ తొక్కుతూ, చివరికి నలభైలో వచ్చినవాడి కంటే కాస్త ముందు చేరతాడు.

వేగానికీ చూపుకీ ఉన్న సంబంధం గురించి నేను చాలా ఆలోచించాను. 80లో వెళ్తున్న కారు ఒక్క సెకనులో 22 మీటర్లు దాటేస్తుంది. దూరంగా ఉన్న కొండకి ఆ వేగం ఏమీ కాదు, అది ఉన్నచోటే ఉంటుంది. దాని ముందున్న పొలాలు నిదానంగా కదులుతాయి. రోడ్డుకి ఐదు మీటర్ల దూరంలో ఉన్న చెట్టు మాత్రం కంటికి ఆనకుండానే వెనక్కి పోతుంది. రోడ్డు అంచున ఉన్న గడ్డి ఒక ఆకుపచ్చ గీత అయిపోతుంది. అంటే వేగంగా పోయేవాడికి దూరపువే మిగులుతాయి, దగ్గరివన్నీ చెరిగిపోతాయి. అదే 30లో వెళ్తే సెకనుకు 8 మీటర్లే. అప్పుడు చెట్టు చెట్టుగా కనిపిస్తుంది. దాని మొదలుకి చెదలు కట్టిన మట్టి కనిపిస్తుంది, కొమ్మకి చిక్కుకుని చిరిగిన గాలిపటం కనిపిస్తుంది. కల్వర్టు గోడ మీద ఎవరో పిల్లాడు బొగ్గుతో రాసుకున్న కూడికలు కనిపిస్తాయి. గట్టు మీద విడిచిన చెప్పులు కనిపిస్తే, ఆ చెప్పుల మనిషి ఎక్కడున్నాడా అని పొలంలో వెతుకుతాం. సగం భూమిలోకి దిగబడిన కిలోమీటరు రాయి మీది అంకె చదవగలుగుతాం. నేనూ చెల్లీ ఆ రాళ్ళు ముందు ఎవరు చూస్తారా అని పోటీ పడేవాళ్ళం. 80లో ఆ ఆట కుదరదు.

నాన్న నాకు ఈ సంగతి మొదట చెప్పింది చందమామ వల్ల. ఒక రాత్రి తిరిగొస్తుంటే చందమామ మా పక్కనే వస్తోంది. చెట్ల వెనక దాక్కుంటోంది, మళ్ళీ బయటికొస్తోంది, కానీ వెనకబడటం లేదు. "మనతో ఎందుకు వస్తోంది నాన్నా?" అన్నాను. ఆయన ఇంకా మెల్లగా పోనిచ్చి, "ముందు రోడ్డు పక్క చెట్టు చూడు, ఎలా పోతోంది?" అన్నారు. పరిగెడుతోంది అన్నాను. "పొలం మధ్యలో ఉన్న చెట్టు?" నడుస్తోంది. "ఆ కొండ?" కదిలీ కదలనట్టుంది. "మరి చందమామ 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉంది. మనం కదిలింది దానికి లెక్కలోకే రాదు. అది మనతో రావట్లేదురా, మనమే దాన్ని దాటలేకపోతున్నాం." ఆ తర్వాత చాలా ఏళ్ళకి భౌతికశాస్త్రం పుస్తకంలో ఇదే విషయం బొమ్మలతో సహా చదివాను. నాకప్పటికే వచ్చు.

చెవికి కూడా ఇలాంటిదే జరుగుతుంది. కారులో శబ్దమంతా ఇంజనుదే అనుకుంటాం కానీ, ఒక వేగం దాటాక టైర్లు రోడ్డు మీద చేసే హోరే ఎక్కువ. ఇంకా పెరిగితే గాలి హోరు దాన్ని మించిపోతుంది. ఆ రెండూ తగ్గినప్పుడే బయటి ప్రపంచం వినపడుతుంది. కీచురాళ్ళు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతాయో తెలుస్తుంది. నీటి మోటారు టకటక ముందు ఒక పక్క నుంచి వినిపించి, దగ్గరై, మరో పక్కకి మారి, సన్నబడుతుంది. చెట్ల గుంపు దాటుతుంటే కారు చప్పుడు చెట్ల బోదెలకి తగిలి విడివిడిగా తిరిగొస్తుంది, ఖాళీ రాగానే ఆగిపోతుంది. కళ్ళు మూసుకుని ఎన్ని చెట్లు దాటామో చెప్పొచ్చు. చెల్లి చెప్పేది.

వాసనల సంగతి చెప్పాలంటే చాలా ఉంది. దున్నిన నేల వాసన వేరు, నీళ్ళు పెట్టిన నేల వాసన వేరు, పంట కోశాక మిగిలిన మోళ్ళ మీద పొద్దుటి మంచు ఆరుతున్నప్పుడు వచ్చే వాసన వేరు. కానీ అన్నిటికంటే తొలి వాన. వాన ఇంకా మన మీద పడకముందే, దూరంగా మబ్బు కింద బూడిదరంగు తెర దిగుతున్నప్పుడే గాలిలో ఆ వాసన వచ్చేసేది. నాన్న "వచ్చేస్తోంది, అద్దాలు ఎక్కించండి" అనేవారు. మేం ఎక్కించేవాళ్ళం కాదు. 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు, ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్, ఈ వాసన ఎక్కడిదో వివరించారు. ఎండాకాలమంతా రాళ్ళలో, ఎండిన మట్టిలో చేరి ఉన్న నూనెలు తడి తగలగానే బయటపడతాయని తేల్చారు. దానికి తోడు మట్టిలో ఉండే కొన్ని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం ఉంటుంది. మనిషి ముక్కు దాన్ని ఎంత చిన్న మోతాదులో ఉన్నా పసిగట్టేస్తుంది. 2015లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం పరిశోధకులు హైస్పీడ్ కెమెరాతో తీసి చూస్తే, చినుకు గుల్లగా ఉన్న నేల మీద పడ్డప్పుడు దాని కింద సన్నటి గాలి బుడగలు చిక్కుకుని, పైకి లేచి పగిలి, ఆ వాసనని తుంపరలుగా గాల్లోకి చిమ్ముతున్నాయట. జడివానలో కంటే మోస్తరు వానలో, చిరుజల్లులో ఇది ఎక్కువ జరుగుతుంది. అది చదివినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మేం అద్దాలు దించుకుని పీల్చింది ఆ తుంపరనే.

ఇంకొకటి, చర్మానికి మాత్రమే తెలిసేది. గాలి లేని, మబ్బు లేని రాత్రి పల్లపు రోడ్డులోకి దిగుతుంటే ఉన్నట్టుండి చల్లటి గాలి మొహానికి తగులుతుంది. ఒక వాగు దాటతాం, మళ్ళీ మెరక ఎక్కగానే వెచ్చబడుతుంది. పగలంతా కాగిన నేల రాత్రి చల్లబడుతుంది, దాన్ని ఆనుకుని ఉన్న గాలీ చల్లబడి బరువెక్కుతుంది. బరువెక్కిన గాలి నీళ్ళు పారినట్టే పల్లానికి జారి అక్కడ నిలుస్తుంది. తెల్లవారుజామున పొగమంచు ముందు పల్లపు పొలాల మీదే కనిపించడానికి కారణమూ అదే. అమ్మకి ఇది ఎవరూ చెప్పకుండానే తెలుసు. చీకట్లో ఏమీ కనపడకపోయినా "వాగు వస్తోంది" అని శాలువా కప్పుకునేది. రెండు మలుపుల తర్వాత వాగు వచ్చేది.

మలుపుల గురించి కూడా చెప్పాలి. కొత్త రోడ్లు సూటిగా పోతాయి, ఎదురొచ్చిన గుట్టని కోసుకుంటూ, పల్లాన్ని పూడ్చుకుంటూ. పాత రోడ్లు అలా కాదు. మొదట మనుషులూ పశువులూ నడిచిన బాటలే చాలాచోట్ల బండ్ల దారులయ్యాయి, ఆ బండ్ల దారులే తర్వాత తారు రోడ్లయ్యాయి. అందుకే అవి చెరువుని చుట్టుకుని పోతాయి, ఏటవాలు ఎక్కువున్న చోట వంకర తిరిగి ఎక్కుతాయి, ఒకప్పుడు ఎవరి పొలమో ఉన్న చోట గట్టు వెంటే మడత పడతాయి. కారణం కనిపించని మలుపు వచ్చినప్పుడు నాన్న "ఇక్కడ ముందు ఏముండేదంటావ్?" అని అడిగేవారు. చెట్టా, బావా, రెండు కుటుంబాల మధ్య తగాదానా? మేం కథలు అల్లేవాళ్ళం. ఏదీ నిజమో కాదో తేలేది కాదు. అయినా రోడ్డు అనేది ఎవరో ఒకప్పుడు తీసుకున్న నిర్ణయం అన్న ఊహ నాలో అప్పుడే పడింది. ఇప్పటికీ మ్యాపులో సన్నటి వంకర గీత కనిపిస్తే వేలు దాని మీదికే పోతుంది.

కార్ల చరిత్ర చదివితే, మొదటి దూర ప్రయాణం కూడా ఇలాంటి నెమ్మది ప్రయాణమే. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్తకి ముందుగా చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని, ఆయన తయారుచేసిన మూడు చక్రాల కారులో జర్మనీలోని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి బయల్దేరింది. 100 కిలోమీటర్లకు పైనే దారి. తెల్లవారుజామున బయల్దేరితే చేరేసరికి చీకటి పడింది. ఎత్తు వచ్చినచోట పిల్లలు దిగి తోశారు. ఇంధనం గొట్టం మూసుకుపోతే తలకి పెట్టుకునే టోపీ పిన్నుతో శుభ్రం చేసుకుంది. దారిలో వీస్‌లోఖ్ అనే ఊళ్ళో మందుల దుకాణంలో ఇంధనం కొనుక్కుంది. బ్రేకులు అరిగితే తోలు వేయించింది. ఆ కారు పని చేస్తుందని లోకానికి చూపించిన ప్రయాణంగా దాన్ని చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆమె వెళ్ళింది పుట్టింటికి అన్న సంగతి ఎంతో నచ్చింది. ఆ రోజు ఆ ముగ్గురూ దారి పొడవునా ఎన్ని పొలాలు చూసి ఉంటారో, ఎంతమంది పనులు ఆపి వాళ్ళని చూసి ఉంటారో అని ఊహించుకుంటాను.

అంతకుముందే బ్రిటన్‌లో 1865లో ఒక చట్టం వచ్చింది. యంత్రంతో నడిచే బండ్లు ఊళ్ళో గంటకి 2 మైళ్ళు, ఊరి బయట 4 మైళ్ళు మించకూడదు, ముందు ఒక మనిషి ఎర్ర జెండా పట్టుకుని నడవాలి. 1896లో దాన్ని సడలించి 14 మైళ్ళ దాకా పోవచ్చన్నారు. అంటే సుమారు 22 కిలోమీటర్లు. ఈ అంకెలు ఇప్పుడు ఎంత తక్కువగా అనిపించినా, గుర్రం వేగానికి అలవాటుపడ్డ కళ్ళకి అది తక్కువ కాదు. అమెరికాలో అయితే తాపీగా చూస్తూ వెళ్ళడం కోసమే ఒక రోడ్డు కట్టారు. బ్లూ రిడ్జ్ పార్క్‌వే, 469 మైళ్ళు. 1935లో మొదలుపెట్టి 1987లో పూర్తిచేశారు. చాలావరకు గంటకి 45 మైళ్ళే వేగపరిమితి, సరుకు లారీలని రానివ్వరు. ఒక దేశం ఇంత శ్రమపడి అలాంటి రోడ్డు వేసుకుందంటే, మా నాన్న అలవాటు అంత వింతదేమీ కాదని నా మనసుకి బలం వచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాన్నకి అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఆయన మెల్లగా నడిపేవారు కానీ ఎవరికీ అడ్డుగా ఉండేవారు కాదు. అద్దంలో వెనక బండి కనిపించగానే, రోడ్డు వెడల్పుగా ఉన్న మొదటి చోట పక్కకి తీసి, చెయ్యి ఊపి పొమ్మనేవారు. మలుపులో ఎప్పుడూ ఆపేవారు కాదు. చూడాల్సింది ఎంత బాగున్నా సరే, సూటి రోడ్డు వచ్చేదాకా వెళ్ళి, టైర్లు మట్టి మీదికి దించి ఆపేవారు, మమ్మల్ని వెనక్కి నడిపించి చూపించేవారు. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక కారు ఆగే దూరం నాలుగు రెట్లవుతుందని ఆయన మాకు కంకర మీద గీతలు గీసి చూపించారు. దూడో పిల్లాడో ఒక్కసారిగా రోడ్డు మీదికి రావడం పల్లె దారుల్లో రోజూ జరిగేదే. 30లో ఉన్నవాడు ఆగగలడు.

ఆగడాలూ ఆ ప్రయాణంలో భాగమే. గొర్రెల మంద ఎదురైతే నాన్న హారన్ కొట్టేవారు కాదు, ఇంజను ఆపేసేవారు. మంద కారుకి రెండు పక్కలా చీలి, మళ్ళీ వెనక కలిసిపోయేది. ఉన్ని తలుపులకి రాసుకుంటున్న చప్పుడు, వందల గిట్టల చప్పుడు, ఆ వాసన. చెల్లి చెయ్యి బయటపెట్టి వీపులు తాకేది. కాపరి దాటుతూ నాన్న వైపు తల ఊపేవాడు. దున్నే ట్రాక్టరు కనిపిస్తే మేం తప్పకుండా ఆపమనేవాళ్ళం, ఎందుకంటే దాని వెనక తెల్లకొంగలు నడిచేవి. నాగలి మట్టి తిరగేయగానే బయటపడే పురుగుల కోసం అవి సాలు వెంట వరసగా వచ్చేవి, ట్రాక్టరు తిరిగితే అవీ తిరిగేవి. ఒకప్పుడు పశువుల వెనక నడిచిన కొంగలే, మేతకి లేచే పురుగుల్ని పట్టుకోవడానికి. యంత్రం వచ్చినా వాటికి ఇబ్బంది లేకపోయింది.

కారులో మాటలు కూడా వేరుగా ఉంటాయి. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని చెప్పలేనివి పక్కపక్కన కూర్చుంటే చెప్పగలం. ఇద్దరి చూపూ రోడ్డు మీదే ఉంటుంది, మొహాలు చూసుకోవాల్సిన పని లేదు, మధ్యలో మాట ఆగిపోయినా బయట ఏదో ఒకటి కదులుతూ ఉంటుంది. ఆయన నా కోసం అనుకున్న చదువు నాకు వద్దని చెప్పింది అలాంటి ప్రయాణంలోనే. ఆ రోజు అమ్మా చెల్లీ లేరు, ముందు సీట్లో నేనే. ఎన్నాళ్ళుగానో లోపల పెట్టుకున్న టెన్షన్ అంతా ఒక్క వాక్యంలో బయటపడింది. నాన్న నా వైపు తిరగలేదు. గేరు తగ్గించి, "ముందు ఆ రైల్వే గేటు దాటనీ" అన్నారు. గేటు పడి ఉంది. ఇంజను ఆపారు. గూడ్సు బండి వస్తోంది. ఆయన పైకే పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు, కాసేపటికి నేనూ కలిశాను. చివరి పెట్టె పోయాక గేటు లేస్తుంటే అన్నారు: "వద్దు అన్నావు, సరే. ఏది కావాలో కూడా చెప్పు. ఊరికే వద్దంటే నాకు సరిపోదు." ఇల్లు చేరేదాకా నేను చెబుతూనే ఉన్నాను. మామూలు కంటే చుట్టుదారిలో తీసుకెళ్ళారని ఇంటి దగ్గర దిగాక గమనించాను.

రాత్రి ప్రయాణాల్లో రోడ్డు పక్క గడ్డిలో కళ్ళు మెరిసేవి. పిల్లి, నక్క, ఆవు, వీటి కంటి వెనక వెలుతురుని తిప్పికొట్టే ఒక పొర ఉంటుంది. చీకట్లో తక్కువ వెలుగుతోనే చూడటానికి వాటికది సాయం. మన కళ్ళకి ఆ పొర లేదు. దూరం నుంచి రెండు చుక్కలు కనిపించగానే నాన్న లైటు దించి, కాలు బ్రేకు మీదికి తెచ్చేవారు. ఆ చుక్కలు ఒకసారి మన వైపు చూసి, పక్కకి తిరిగి ఆరిపోయేవి. ఇంటికొచ్చాక లైట్ల మీదా ముందు అద్దం మీదా పురుగులు పేరుకుని ఉండేవి. పొద్దున్నే తడిగుడ్డతో రుద్ది తుడవడం నా పని. ఇప్పుడు ఎంత రాత్రి ప్రయాణం చేసినా అద్దం దాదాపు శుభ్రంగానే ఉంటోంది. మొదట్లో కొత్త కార్ల ఆకారం వల్లేమో అనుకున్నాను. తర్వాత 2017లో వచ్చిన ఒక జర్మనీ అధ్యయనం గురించి చదివాను. అక్కడి రక్షిత ప్రాంతాల్లో 27 ఏళ్ళలో ఎగిరే పురుగుల మొత్తం బరువు 75 శాతానికి పైగా పడిపోయిందట. అన్ని దేశాల్లోనూ అంతే అని ఆ ఒక్క అధ్యయనంతో అనలేం. కానీ తుడవాల్సిన పని లేని అద్దాన్ని చూస్తే నాకు ఏదో పోగొట్టుకున్న బాధ కలుగుతుంది. ఆ పురుగుల్ని తినే పిట్టలు గుర్తొస్తాయి.

నాన్న ఎందుకు అంత మెల్లగా నడిపేవారని మేం అడిగినప్పుడల్లా "పెట్రోలు ఆదా" అనేవారు. అది అబద్ధం కాదు. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది, ఇంజను దాన్ని తోసుకుంటూ పోవాలి. మేం ఆ జవాబుతోనే పెరిగాం. అసలు సంగతి అమ్మ ఈ మధ్య చెప్పింది, నేను ఊరికే అడిగితే. ఆమెకి కారు పడేది కాదు. మలుపుల్లో కడుపులో తిప్పేది. లోపలి చెవి కదులుతున్నామంటుంది, కారు లోపలే చూస్తున్న కళ్ళు కదలట్లేదంటాయి, ఆ రెంటికీ పొత్తు కుదరక వచ్చే బాధ అది. ముందు సీట్లో కూర్చుని దూరంగా చూస్తే కొంత నయం. మలుపు మెత్తగా తిరిగితే, బ్రేకు ముందునుంచే నెమ్మదిగా పడితే ఇంకా నయం. "మొదటిసారి నన్ను కారెక్కించినప్పుడే చూశారు మీ నాన్న. మధ్యలో రెండుసార్లు ఆపాల్సొచ్చింది. ఆ తర్వాత ఇంకెప్పుడూ గట్టిగా నడపలేదు" అంది. మాతో ఎందుకు చెప్పలేదంటే, "నా మీద మీకు విసుగొస్తుందని. మీ అమ్మ వల్లే ఆలస్యం అనుకుంటారని" అంది.

ఆ మాట విన్నాక ఆ ప్రయాణాలన్నీ మరోసారి తలుచుకున్నాను. నాకు కొండలూ వాసనలూ చందమామా ఇచ్చిన ఆ వేగం, అమ్మ కోసం ఎంచుకున్నది.

ఇప్పుడు నాన్న నడపడం మానేశారు. రాత్రిపూట ఎదురు లైట్లు పడటం లేదని తానే తాళాలు నా చేతికిచ్చారు. అమ్మ ఎప్పటిలాగే ముందు సీటు. నాన్న వెనక, ఒకప్పుడు చెల్లి కూర్చున్న వైపు. నాది ఎలక్ట్రిక్ కారు, ఇంజను చప్పుడు లేదు. పాదచారుల కోసం 20 కిలోమీటర్ల లోపు వేగంలో ఒక సన్నటి కూత మాత్రం వస్తుంది. దానిపైన నలభై లోపు ఉన్నంతసేపు కీచురాళ్ళు వెనకటి కంటే బాగా వినపడతాయి. సాయంత్రం సూర్యుడు బాగా వాలాక, వెలుతురు అడ్డంగా పడే వేళ చూసుకుని బయల్దేరతాను. నడినెత్తి ఎండలో చదునుగా కనిపించే పొలంలో అప్పుడు ప్రతి సాలుకీ ఒక నీడ ఉంటుంది, నేల ఎగుడుదిగుళ్ళన్నీ బయటపడతాయి.

మొన్న వెళ్ళినప్పుడు నాన్న కిటికీకి మొహం ఆనించి, "ఆ గుట్ట మీద అంత పెద్ద బండ ఎప్పుడొచ్చింది?" అన్నారు.

"ఎప్పుడొచ్చిందేమిటండీ, ఎప్పుడూ ఉన్నదే" అంది అమ్మ. "పెళ్ళైన కొత్తలోంచీ చూస్తున్నాను."

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నడిపేవాడికి రోడ్డే కనిపిస్తుంది" అన్నారు. ఆ దారిలో ఆయన ఎన్నేళ్ళు కారు నడిపారో! మాకు చూపించినవన్నీ ఆయన ఓరచూపుతో పట్టుకున్నవే, తక్కినదంతా మా మలుపుల కోసం, అమ్మ కడుపు కోసం రోడ్డు మీద పెట్టిన చూపు. ఇప్పుడు ఆయన ఒక్కటీ వదలడం లేదు. ఆ చెట్టు మీద గూళ్ళున్నాయి, ఆపు. ఆ వంతెన రాతితో కట్టింది, సున్నం వేసిన వరసలు చూడు. ఈ నేల ఎర్రగా ఉంది, ఇందాక నల్లగా ఉంది, ఎక్కడ మారిందో చూడలేదు, వెనక్కి తిప్పుతావా? తిప్పాను. మారే చోటు ఒక చిన్న కాలువ. కారు దిగి రెండు పక్కలా నడిచి చూశారు, రెండు రకాల మట్టీ చేతిలోకి తీసుకుని నలిపారు.

కాలువకి అవతలి గట్టు మీద కూడా ఒక దారి పోతోంది. దాని చివర ఏదో పాడుబడ్డ కట్టడం గోడలు కనిపిస్తున్నాయి. "వచ్చేసారి అటుగా పోదాం, అదేంటో చూడాలి" అన్నారు నాన్న.

అమ్మ కారులోంచే, "ఆ గట్టు రోడ్డంతా గుంతలటండీ" అంది.

"మెల్లగానే కదా వెళ్ళేది" అన్నారాయన.